మెడిసిన్ మధ్యలో ఆపి రీసెర్చ్‌కి వెళ్లాలనుకుంటున్నారా? తిరిగొచ్చే దారి ముందే ఎలా వేసుకోవాలి

మెడిసిన్ చదువుతూ ఖాళీ సాయంత్రాల్లో ఒక ల్యాబ్‌లో పనిచేయడం మొదలుపెట్టారు, అనుకోకుండా ఒక మంచి ఫలితం వచ్చింది, అది నిజమైతే చిన్న విషయం కాదు, గైడ్ కూడా ఒక ఏడాది పూర్తిగా దీని మీదే కూర్చుంటే బాగుంటుందన్నారు. అప్పటినుంచి క్లాసులో కూర్చున్నా మనసు అక్కడే ఉంటోంది. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను మూడో ఏడాది తర్వాత పద్నాలుగు నెలలు చదువు ఆపి ల్యాబ్‌లో పనిచేశాను, తిరిగొచ్చి డిగ్రీ పూర్తి చేశాను. వెళ్లినందుకు ఇప్పటికీ బాధ లేదు. వెళ్లిన పద్ధతిలో మాత్రం చాలా తప్పులు చేశాను, అందులో కొన్ని ఒక్క కాగితం చేతిలో ఉంటే జరిగేవే కావు.

ఆపడం అంటే మానేయడం కాదు. సీటు మీ పేరు మీదే ఉండాలి, మళ్లీ చేరే తేదీ రాతపూర్వకంగా ఉండాలి, వెళ్లేది ఒకే ఒక్క ప్రశ్న కోసం అయి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా బయల్దేరే సమయం ఇంకా రాలేదనే నేను చెప్తాను.

ముందు, ఎందుకు వెళ్తున్నారో రాయండి

ఒక కాగితం మీద, ఎవరికీ చూపించక్కర్లేకుండా రాసుకోండి. రెండు మూడు వారాలు పక్కన పెట్టి మళ్లీ చదవండి. అందులో ప్రయోగం గురించి ఎక్కువ ఉందా, లేక పరీక్షల టెన్షన్, వార్డులో ఎవరో అన్న మాట, నిద్రలేమి, విసుగు, వీటి గురించి ఎక్కువ ఉందా? రెండోదే ఎక్కువైతే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కానీ దానికి మందు ల్యాబ్ కాదు. ఆరోగ్య కారణాలతో తీసుకునే లీవ్ వేరే ఉంటుంది, దాన్ని ఆ పేరుతోనే తీసుకోండి, డాక్టర్‌ని కలవండి. ల్యాబ్‌లో నెలల తరబడి ఏ ప్రయోగమూ పని చేయని రోజులు తప్పకుండా వస్తాయి, అప్పటికే అలసిపోయి వెళ్లినవాళ్లను ఆ రోజులు ఇంకా కుంగదీస్తాయి.

ఫలితం నిజమో కాదో లీవ్ పెట్టకముందే తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, నేను చేయనిది కూడా ఇదే. తక్కువ నమూనాలతో చేసిన ప్రయోగంలో మొదటిసారి వచ్చిన ఫలితం చాలాసార్లు అసలు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఎందుకంటే పెద్దగా కనిపించింది కాబట్టే దాన్ని మనం పట్టించుకున్నాం. రెండోసారి చేస్తే కొంత తగ్గడం మామూలే. కొంత తగ్గుతుందా, మొత్తం మాయమవుతుందా అన్నది చదువు ఆపకముందే తెలియాలి.

అందుకని ప్రధాన ఫలితాన్ని మొదటి నుంచి చివరిదాకా మీ చేతులతో మళ్లీ చేయండి. వేరే రోజు, వేరే బ్యాచ్ కణాలతో, కొత్తగా తెప్పించిన రసాయనాలతో చేయండి. కంట్రోల్ నమూనాలు ఏవో, పరీక్ష నమూనాలు ఏవో మీకు తెలియకుండా ల్యాబ్‌లో ఇంకొకరిని ట్యూబులకు కోడ్ వేయమనండి, లెక్కలన్నీ పూర్తయ్యాకే కోడ్ విప్పండి. కణాల కల్చర్‌తో చేసే పని అయితే మైకోప్లాస్మా (కల్చర్‌లోకి చొరబడే ఒక చిన్న బ్యాక్టీరియా) పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో అడగండి, అది కంటికి కనిపించకుండా కణాల తీరునే మార్చేస్తుంది. రోగుల రికార్డుల మీద పని అయితే ఎవరి వివరాలు మిస్సయ్యాయి, ఎందుకు మిస్సయ్యాయి అని చూడండి. కంప్యూటర్ మోడల్ అయితే ఒకే రోగి స్కాన్లు శిక్షణ డేటాలోనూ పరీక్ష డేటాలోనూ రెండిట్లో ఉన్నాయేమో వెతకండి, చాలా అందమైన ఫలితాలు ఈ ఒక్క పొరపాటు వల్లే వస్తాయి.

ఆ తర్వాత గైడ్‌ని ఒక ప్రశ్న అడగండి: ఏ ప్రయోగం ఎలా వస్తే మన ఆలోచన తప్పని ఒప్పుకుంటాం? జవాబు స్పష్టంగా వస్తే ఆ ప్రయోగాన్నే ముందు చేయండి, అది కూడా చదువు ఆపకముందే. జవాబు రాకపోతే, లేదా ఎలా వచ్చినా మనకు అనుకూలమే అన్నట్టు వస్తే, ఆ ప్రాజెక్టు కోసం ఏడాది పణంగా పెట్టొద్దు.

నా విషయంలో అంతా ఒక యాంటీబాడీ మీద, అంటే మేం వెతికే ప్రోటీన్‌కి అంటుకుని దాన్ని చూపించే పదార్థం మీద ఆధారపడి ఉండేది. లీవ్‌లో ఐదో నెలలో పాత సీసా అయిపోయి కొత్త లాట్ (వేరే విడతలో తయారైన సరుకు) వచ్చింది. దాంతో చేస్తే మేం ఏడాదిగా చూస్తున్న తేడాలో ముప్పాతిక వంతు పోయింది. పాత లాట్ ఇంకేదో ప్రోటీన్‌కి కూడా అంటుకుంటోందని తేలింది. రెండు వారాంతాలు కూర్చుంటే లీవ్‌కి ముందే తెలిసిపోయే సంగతి ఇది. మిగిలిన కొద్దిపాటి తేడా మీదే తర్వాత పని చేశాం, చిన్న పేపర్ వచ్చింది, కానీ నేను ఇల్లు దాటింది ఆ చిన్న పేపర్ కోసం కాదు.

అసలు ఆపాలా అని కూడా అడగండి

పాల్ లాంగర్‌హాన్స్ క్లోమంలో ఇప్పుడు ఆయన పేరుతో పిలిచే కణాల గుంపులను 1869లో బెర్లిన్‌లో తన వైద్య పట్టా కోసం రాసిన థీసిస్‌లోనే వర్ణించాడు. అవి ఏం చేస్తాయో తనకు తెలియదని కూడా అందులోనే రాశాడు. ఆయన దాని కోసం చదువు ఆపలేదు, చదువులో భాగంగానే చేశాడు. మీ పని ఒక సెలవుల కాలంలోనో, ఎలెక్టివ్ పోస్టింగ్‌లోనో, థీసిస్‌గానో సరిపోతుందేమో ముందు చూడండి. బ్రిటన్‌లో మెడిసిన్ మధ్యలో ఒక ఏడాది పరిశోధనతో వేరే డిగ్రీ తీసుకునే ఏర్పాటు చాలా కాలంగా ఉంది. అమెరికాలో ఎండీ, పీహెచ్‌డీ కలిపి చేయించే ప్రభుత్వ కార్యక్రమం 1964 నుంచి నడుస్తోంది. మీ దగ్గర అలాంటిది ఏది ఉన్నా సొంతంగా లీవ్ పెట్టడం కంటే అదే మేలు, ఎందుకంటే తిరిగొచ్చే దారి అందులోనే ఉంటుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

పూర్తి సమయం నిజంగా కావాల్సిన పనులూ ఉన్నాయి. రోజూ చూసుకోవాల్సిన జంతు ప్రయోగాలు, వారాల తరబడి పెంచాల్సిన కణాలు, రోగులను నెలల పాటు ఫాలో అవ్వాల్సిన అధ్యయనాలు సాయంత్రం రెండు గంటల్లో అయ్యేవి కావు. మీది అలాంటిదే అయితే ముందుకు వెళ్లండి.

ఎప్పుడు ఆపాలి

పెద్ద పరీక్ష పాసయ్యాక ఆపండి, ముందు కాదు. ఎనాటమీ, ఫిజియాలజీ లాంటివి ముగిసి వార్డులు మొదలవ్వకముందు ఉండే సందు అన్నిటికంటే మంచిది, అప్పుడు మర్చిపోయేది తక్కువ. క్లినికల్ ఏళ్ల మధ్యలో ఆపితే చేతులు మొద్దుబారతాయి, నేను తిరిగొచ్చిన మొదటి వారం స్ప్లీన్ తాకి చూడటానికి తడబడ్డాను. ఆఖరి ఏడాదిలో, అందులోనూ పరీక్షకు ఆరు నెలల ముందు అయితే ఎంత గొప్ప ప్రాజెక్టు అయినా డిగ్రీ అయ్యేదాకా ఆగమనే చెప్తాను.

గైడ్‌ని ఎంచుకోవడం

పెద్ద పేరు ఉన్నవాళ్లనే వెతక్కండి. ఆ ల్యాబ్‌లో ఇంతకుముందు మెడికల్ స్టూడెంట్లు ఎవరైనా పనిచేశారా, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్ల పేరుతో ఏమైనా అచ్చయ్యిందా అని కనుక్కుని, వాళ్లలో కనీసం ఇద్దరితో గైడ్ లేని చోట మాట్లాడండి. వాళ్లు ఎంత సేపు ఆలోచించి జవాబు చెప్తున్నారో కూడా గమనించండి. గైడ్ వారానికి ఒకసారి మీతో కూర్చుంటారా, ఊళ్లో లేనప్పుడు రోజువారీ పని నేర్పేది ఎవరు అన్నది కూడా తేల్చుకోండి. నిజానికి మీ ఏడాది ఎలా గడుస్తుందన్నది ఆ రోజువారీ మనిషి మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

కాగితాలు

ఇక్కడ మాత్రం మొహమాటం వద్దు. నాకు ఆఫీసులో ఒక పెద్దాయన "ఏం పర్వాలేదు బాబూ, వచ్చి చేరిపో" అన్నారు, నేను దండం పెట్టి వచ్చేశాను. తిరిగి వెళ్లేసరికి ఆయన రిటైరయ్యారు, ఫైల్‌లో నా లీవ్ లెటర్ ఉంది గానీ దాన్ని మంజూరు చేసిన ఉత్తర్వు లేదు. పద్నాలుగు నెలలూ చెప్పకుండా గైర్హాజరైనట్టు లెక్క కట్టారు. అది సరిచేయించుకోవడానికి పదకొండు వారాలు తిరిగాను, ఆ టర్మ్ పరీక్ష పోయింది. ఆయన నన్ను మోసం చేశారని నేను అనుకోవడం లేదు, మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఆఫీసుకు కాగితమే జ్ఞాపకం.

కాబట్టి సంతకం, తేదీ, ఫైల్ నంబరుతో మంజూరు ఉత్తర్వు తీసుకోండి. లీవ్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ ఏడాదిలో ఏ సబ్జెక్టుల నుంచి మళ్లీ మొదలుపెడతారు, ఇప్పటిదాకా ఉన్న అటెండెన్స్, ఇంటర్నల్ మార్కులు చెల్లుతాయా, మీరు లేనప్పుడు సిలబస్ మారితే ఏ సిలబస్ వర్తిస్తుంది, లీవ్ పొడిగించాలంటే ఎన్ని రోజుల ముందు అడగాలి, ఇవన్నీ అందులో కనిపించాలి. ఉత్తర్వులో రాయలేమంటే మీరే ఒక మెయిల్ రాసి, మనం మాట్లాడుకున్నది ఇదీ, తప్పైతే చెప్పండి అని పంపి, జవాబు దాచుకోండి.

కోర్సు మొత్తానికి ఉన్న గరిష్ఠ గడువు కూడా చూడండి. భారత్‌లో 2023 నియమావళి ప్రకారం ఎంబీబీఎస్ చేరిన తేదీ నుంచి 9 ఏళ్లలోపు పూర్తవ్వాలి. అమెరికా లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ విషయంలో అక్కడి చాలా రాష్ట్రాలు అన్ని స్టెప్పులూ ఇన్నేళ్లలో ముగించాలని గడువు పెడతాయి. ఇప్పటికే ఒక ఏడాది వెనకబడినవాళ్లు ఈ లెక్క వేసుకోకుండా అడుగు వేయొద్దు. విదేశంలో చదువుతుంటే వీసా స్టూడెంట్ హోదా మీదే నిలబడి ఉంటుంది, లీవ్ పెట్టగానే ఆ హోదా పోతుందేమో దరఖాస్తు చేయకముందే అడగండి. చదువు కోసం తీసుకున్న అప్పుదీ అంతే. స్టూడెంట్‌గా నమోదు ఆగిన రోజు నుంచే వాయిదాల గడియారం మొదలయ్యే అప్పులు చాలా ఉన్నాయి, బ్యాంకుకు ముందే రాసి వాయిదా కోరండి. స్కాలర్‌షిప్, హాస్టల్, ఆరోగ్య బీమా, ఇవి కూడా నమోదుతోనే ముడిపడి ఉంటాయి.

అనుమతులు ముందు, లీవ్ తర్వాత

రోగుల నమూనాలు, రికార్డులు వాడాలంటే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి, జంతువులైతే దానికి వేరే కమిటీ. ఇవి ఒకటి రెండు వారాల్లో తేలే పనులు కావు, ప్రశ్నలు పంపుతారు, మీరు దిద్ది పంపుతారు, తర్వాతి మీటింగ్ దాకా ఆగుతారు, నెలలు గడుస్తాయి. పన్నెండు నెలల లీవ్‌లో నాలుగు నెలలు ఆమోదం కోసం ఎదురుచూసిన వాళ్లను చూశాను. ఆమోదం చేతికి వచ్చాక, అందులో మీ పేరు ఉందని చూసుకున్నాక, లీవ్ మొదలుపెట్టండి. రెండు ఊళ్ల మధ్య నమూనాలు పంపాల్సి ఉంటే ఆ ఒప్పందం కూడా అప్పటికే అయిపోయి ఉండాలి.

పేరు ఎవరిది

జే మెక్లీన్ కథ ప్రతి మెడికల్ స్టూడెంటూ తెలుసుకోవాలి. జాన్స్ హాప్కిన్స్‌లో రెండో ఏడాది చదువుతూ, ఒక ఏడాదిలో ముగించగలిగే సమస్య కావాలని విలియం హోవెల్ అనే ఫిజియాలజీ ప్రొఫెసర్ దగ్గరకు వెళ్లాడు. రక్తం గడ్డకట్టించే ఒక పదార్థాన్ని శుద్ధి చేసి పరీక్షించడం ఆయన ఇచ్చిన పని. కాలేయం నుంచి తీసిన ఒక పదార్థం గడ్డకట్టించకపోగా గడ్డకట్టకుండా ఆపుతోందని మెక్లీన్ గమనించాడు, 1916లో అచ్చు వేశాడు. తర్వాత ఆయన వేరే దారిలో వెళ్లిపోయాడు, హోవెల్ ఇంకో స్టూడెంట్‌తో పని కొనసాగించి 1918లో గడ్డకట్టకుండా ఆపే పదార్థానికి హెపారిన్ అన్న పేరు పెట్టాడు. తర్వాత హోవెల్ తీసిన పదార్థం రసాయనికంగా మెక్లీన్ చూసినదానికి వేరని కూడా తేలింది. అయినా హెపారిన్ కనిపెట్టింది ఎవరన్న వాదన దశాబ్దాలు సాగింది, మెక్లీన్ తన పాత్రను గుర్తించమని చివరి ఏళ్లలో చాలా ప్రయత్నించాడు. ఇందులో ఎవరు తప్పని తీర్పు చెప్పడం నా పని కాదు. కానీ ఏడాది ఉండి వెళ్లిపోయేది మీరే, ల్యాబ్‌లో మిగిలేది వాళ్లే అన్నది మర్చిపోవద్దు.

అందుకే మొదటి నెలలోనే గైడ్‌తో కూర్చుని, ఏ పని చేస్తే మీ పేరు పేపర్‌లో ఎక్కడ ఉంటుందో, మీరు వెళ్లాక వేరేవాళ్లు కొనసాగిస్తే ఏమవుతుందో మాట్లాడుకుని మెయిల్‌లో పెట్టుకోండి. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఆథర్‌గా ఉండటానికి 4 షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ పాత్ర, రాతలో లేదా దిద్దుబాటులో పాలు, చివరి ప్రతికి ఆమోదం, పనికి జవాబుదారీ. మీరు ప్రయోగాలు మాత్రమే చేసి రాతలో చేయి పెట్టకపోతే రెండోది మీకు ఉండదు, కాబట్టి రాసే పనిలో మీ వంతు అడిగి మరీ తీసుకోండి. పేటెంట్‌కి వచ్చే పని అయితే హక్కులు చాలాచోట్ల సంస్థవే, సంతకం చేసే ముందు ఆ పేరా చదవండి.

ఇంట్లో చెప్పడం

దరఖాస్తు పెట్టాక కాదు, ముందే చెప్పండి. సైన్స్ ఎంత గొప్పదో వివరించడం కంటే తిరిగి చేరే తేదీ ఉన్న ఉత్తర్వు, ఖర్చుల లెక్క, స్టైపెండ్ ఎంత, ఎక్కడ ఉంటారు అన్నవి వాళ్ల ముందు పెట్టండి. ఇంట్లోవాళ్ల భయం పరిశోధన గురించి కాదు, మీరు తిరిగి రారేమోనని. స్టైపెండ్ ఆలస్యమైనా మూడు నెలలు గడిచేంత డబ్బు దగ్గర లేకపోతే నేనైతే వెళ్లమని చెప్పను.

లీవ్ మొదలయ్యాక

మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల చివర ఒక్కో తేదీ రాసిపెట్టుకోండి, ఆ తేదీకి ఏం తేలాలో కూడా ముందే రాయండి. ఆరో నెలకి ప్రధాన ప్రశ్నకు జవాబు ఎటూ కనిపించకపోతే చిన్న ప్రశ్నకు మారండి, లేదా ముందే తిరిగి వెళ్లండి. తొమ్మిదో నెల తర్వాత కొత్త ప్రయోగాల వరుస మొదలుపెట్టొద్దు, చాలామంది లీవ్ పొడిగించుకునేది ఇక్కడే. ఇంకో మూడు నెలలు ఉంటే చాలు అనిపిస్తుంది, ఆ మూడు నెలలు అయ్యాక కూడా సరిగ్గా అలాగే అనిపిస్తుంది.

నోట్‌బుక్ ఏ రోజుకారోజు రాయండి, లాట్ నంబర్లతో సహా, పాడైన ప్రయోగాలతో సహా. వారంలో ఒక పూట వార్డుకో ఔట్‌పేషెంట్‌కో వెళ్లే వీలు ఉంటే అనుమతి తీసుకుని వెళ్లండి, లేకపోతే రోజూ అరగంట కేసులు చదవండి. ల్యాబ్‌లో మునిగినప్పుడు ఇది దండగలా అనిపిస్తుంది, నేను మానేశాను, తిరిగొచ్చాక రెండు నెలలు దాని ఫలితం అనుభవించాను.

ఇన్సులిన్ కనిపెట్టిన పనిలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే డాక్టర్‌తో పాటు 1921 వేసవిలో కుక్కల మీద ప్రయోగాలు చేసిన చార్లెస్ బెస్ట్‌కి అప్పుడు 22 ఏళ్లు, అప్పటికి డాక్టర్ కాదు. మరుసటి జనవరికల్లా ఆ మందు ఒక రోగికి ఎక్కించారు. అంత జరిగాక కూడా ఆయన కూర్చుని చదివి 1925లో వైద్య పట్టా తీసుకున్నాడు. మెక్లీన్ వదిలిన హెపారిన్‌ని తర్వాత రోగులకు ఇవ్వగలిగేంత శుద్ధి చేసిన టొరంటో బృందాన్ని నడిపింది కూడా ఈ బెస్టే. పని బాగా సాగుతున్నప్పుడు డిగ్రీ ఎందుకు అన్న ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది, అప్పుడు ఈయన గుర్తొచ్చేవాడు.

తిరిగి చేరేటప్పుడు

చేరే తేదీకి రెండు నెలల ముందే ఆఫీసుకు మెయిల్ పెట్టి ఉత్తర్వు కాపీ జతచేయండి. ల్యాబ్ వదిలే ముందు ఏ నమూనా ఏ ఫ్రీజర్‌లో ఏ అరలో ఉంది, ఏ ఫైల్ ఎక్కడ ఉంది అని రెండు పేజీలు రాసి గైడ్‌కి, మీ పని అందుకునే మనిషికి ఇవ్వండి. డేటా కాపీ మీతో తీసుకెళ్లొచ్చా అని అడిగే తీసుకోండి, రోగుల వివరాలున్న ఫైల్స్ మాత్రం సొంత ల్యాప్‌టాప్‌లో వద్దే వద్దు. పేపర్ మొదటి డ్రాఫ్ట్ ల్యాబ్‌లో ఉండగానే పూర్తి చేయండి, వార్డు మొదలయ్యాక రాద్దామనుకున్నవి చాలావరకు అలాగే ఉండిపోతాయి.

మొదటి రోజుల్లో జూనియర్లంతా క్లాస్‌మేట్లు అయిపోయి, మీ బ్యాచ్ వాళ్లు పై ఏడాదిలో కనిపిస్తే కొంచెం బాధగా ఉంటుంది. ఆ జూనియర్లతోనే వెంటనే కలిసి చదవండి, వాళ్లకి ఈ మధ్య చదివినవన్నీ తాజాగా ఉంటాయి. మొదటి మూడు నెలలు సాయంత్రాలు ల్యాబ్ వైపు వెళ్లొద్దు. పేపర్ రివ్యూ నుంచి తిరిగొచ్చి కొత్త ప్రయోగం అడిగితే అది ఎవరు చేస్తారో, మీ పరీక్షల నెలలో వస్తే ఎంత గడువు అడగాలో, బయటికి అడుగు పెట్టకముందే గైడ్‌తో మాట్లాడి ఉంచుకోండి.